సొంత సూపర్ ఫండ్‌తో ఇల్లూ షేర్లూ కొనాలంటే: ఆస్ట్రేలియా తెలుగువాళ్ళకు వరసగా చేయాల్సిన పనులు

ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేసేవాళ్ళకు జీతం కాక మరో 12 శాతం సూపర్ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాలో పడుతుంది. 1992లో 3 శాతంతో మొదలైన ఈ పద్ధతి 2025 జులై 1 నాటికి 12కి చేరింది. భార్యాభర్తలిద్దరూ చాలా ఏళ్ళు పనిచేసి ఉంటే ఇద్దరిదీ కలిపి 3 లక్షల డాలర్లు కావడం వింతేమీ కాదు. ఆ అంకె కంటపడగానే చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: దాంతో ఒక ఇల్లు కొంటే?

కొనొచ్చు. ఎస్ఎంఎస్ఎఫ్ అని అందరూ పిలిచే సొంత సూపర్ ఫండ్ పెట్టుకుని ఇల్లు, షేర్లు, చాలా షేర్లను ఒకే కట్టగా అమ్మే ఈటీఎఫ్‌లు మీరే ఎంచి కొనొచ్చు. ఇలాంటి ఫండ్లు దేశంలో 6 లక్షలకు పైగా ఉన్నాయి. అయితే ఫండ్ పెట్టిన రోజు నుంచి ఆ డబ్బుకు మీరు ట్రస్టీ. 60 ఏళ్ళు వచ్చేదాకా దాన్ని కాపాడే బాధ్యతే మీది, వాడుకునే హక్కు లేదు. సొంత డబ్బులా ముట్టుకున్న ప్రతిచోటా జరిమానా తగులుతుంది. కింది పనులు ఈ వరసలోనే చేయండి. ఇంటి కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వచ్చాక ఫండ్ గురించి అడిగేవాళ్ళే ఎక్కువగా నష్టపోతున్నారు. అంకెలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరానివి.

ముందు అవసరమో కాదో లెక్క వేయండి

ఫండ్ పెట్టడానికి డీడ్ (ఫండ్ నియమాలు రాసిన పత్రం), ట్రస్టీ కంపెనీ కలిపి సాధారణంగా 1,500 నుంచి 2,500 డాలర్లు అవుతుంది. ఆ తర్వాత ఏటా అకౌంటెంటుకు, ఆడిటరుకు 2,000 నుంచి 3,000. పన్నుల శాఖ ఏటీఓకి ఏడాదికి 259 డాలర్ల లెవీ, మొదటి ఏడాది మాత్రం రెండేళ్ళది కలిపి 518. మొత్తం మీద ఏడాదికి 3,000 అనుకోండి. ఫండ్‌లో ఎంత ఉన్నా ఈ ఖర్చు పెద్దగా మారదు. లక్ష డాలర్లకు అది 3 శాతం, 3 లక్షలకు 1 శాతం. కాబట్టి ఇద్దరిదీ కలిపి 2 లక్షలు దాటకుండా ఈ జోలికి పోవద్దనే మా మాట.

షేర్లు మాత్రమే కొనాలనుకుంటే అసలు ఫండ్ అక్కర్లేదు. పెద్ద ఇండస్ట్రీ ఫండ్లలో కొన్నిటికి, మన సూపర్‌లోంచే ఏఎస్ఎక్స్ (ఆస్ట్రేలియా స్టాక్ మార్కెట్) షేర్లు, ఈటీఎఫ్‌లు ఎంచుకునే ఏర్పాటు ఉంది. ఆడిటూ రిటర్నూ తలనొప్పి వాళ్ళదే.

టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు ఆగండి. వీసా అయిపోయి దేశం వదిలితే మీ సూపర్ మీరు వెనక్కి తీసుకోవచ్చు. అందులో మామూలుగా 35 శాతం పన్ను పోతుంది, వర్కింగ్ హాలిడే వీసా అయితే 65 శాతం. ఫండ్ పెట్టి ఇల్లు కొనేస్తే ఆ డబ్బు గోడల్లో ఇరుక్కుపోతుంది. పీఆర్ గానీ పౌరసత్వం గానీ ఉన్నవాళ్ళకు మాత్రం ఇండియా వెళ్ళిపోయినా 60కి ముందు సూపర్ చేతికి రాదు.

ఇంకొకటి. "మీ సూపర్ సరిగ్గా పెరగట్లేదు, ఉచితంగా చూసి పెడతాం" అని ఫోన్ చేసేవాళ్ళ మాట విని ఎక్కడా సంతకం పెట్టకండి. షీల్డ్, ఫస్ట్ గార్డియన్ అనే రెండు పెట్టుబడి పథకాల్లోకి ఇలాంటి ఫోన్ల ద్వారానే వేలమంది సూపర్ మళ్ళింది. 2024లో వాటి చెల్లింపులు ఆగిపోయాయి. సొంత ఫండ్ పెట్టుకున్నవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఇదీ: మామూలు సూపర్ ఫండ్‌లో దొంగతనమో మోసమో జరిగితే ప్రభుత్వ పరిహారం అడిగే దారి చట్టంలో ఉంది. ఎస్ఎంఎస్ఎఫ్‌కు ఆ దారి లేదు.

ట్రస్టీగా కంపెనీనే పెట్టండి

ఒక ఫండ్‌లో ఆరుగురి దాకా సభ్యులుండొచ్చు. ప్రతి సభ్యుడూ ట్రస్టీ కావాలి, లేదా ట్రస్టీగా ఉన్న కంపెనీలో డైరెక్టరు కావాలి. వ్యక్తులే ట్రస్టీలైతే 600 డాలర్ల కంపెనీ రిజిస్ట్రేషన్ మిగులుతుంది కదా అని చాలామంది ఆ దారి పడతారు. ఆ పొదుపు ఎంత ఖరీదైనదో చూడండి. సభ్యుడికి ఫండ్ డబ్బు అప్పిస్తే జరిమానా 60 పెనాల్టీ యూనిట్లు. యూనిట్ 330 డాలర్లు, అంటే 19,800. వ్యక్తులు ట్రస్టీలైతే ఇది తలా ఒకటి, భార్యకో 19,800, భర్తకో 19,800. కంపెనీ ట్రస్టీ అయితే మొత్తం కలిపి ఒక్కటే. పైగా రేపు ఒకరు చనిపోయినా, విడిపోయినా, పిల్లల్ని చేర్చుకున్నా కంపెనీలో డైరెక్టర్లు మారతారు గానీ ఆస్తుల మీద పేరు మారదు. వ్యక్తులైతే ఇంటి టైటిలు దగ్గర్నుంచి ప్రతి షేరు దాకా పేర్లు మార్పించుకోవాలి.

ఇదీ వరస. మొదట ఇద్దరూ ప్రభుత్వ వెబ్‌సైటులో డైరెక్టర్ ఐడీ తీసుకోండి. అది వచ్చాక కంపెనీ, ఆ తర్వాత ట్రస్ట్ డీడ్. ట్రస్టీ అయిన 21 రోజుల్లోగా ఏటీఓ వాళ్ళ ట్రస్టీ డిక్లరేషన్ మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. దాన్ని కనీసం పదేళ్ళు దాచాలి, ఎవరికీ పంపక్కర్లేదు. ఫండ్ మొదలైన 60 రోజుల్లోగా ఏబీఎన్ (వ్యాపార నంబరు), టీఎఫ్ఎన్ (పన్ను నంబరు) కోసం దరఖాస్తు చేయాలి. తర్వాత ఫండ్ పేరున బ్యాంకు ఖాతా, మీకు ఉద్యోగమిచ్చిన కంపెనీలు పంపే సూపర్ సమాచారం అందుకోవడానికి ఈఎస్ఏ అనే ఎలక్ట్రానిక్ చిరునామా.

ఆ బ్యాంకు ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి. పర్సులో రెండు కార్డులు ఒకే రంగులో ఉంటే కోల్స్‌లో బియ్యం బస్తాకు ఏది గీస్తామో ఎవరికి తెలుసు? గీసిన ఆ 42 డాలర్లు చట్టం దృష్టిలో సభ్యుడికిచ్చిన అప్పు. వారంలో తిరిగి వేసినా తప్పు తప్పే, ఆడిటరు కంట పడుతుంది. ఆడిటర్లు ఏటీఓకి రాసి పంపే తప్పుల్లో ఎప్పుడూ పైవరసలో ఉండేది ఈ చేబదుళ్ళే. ఎక్కువగా "పది రోజుల్లో తిరిగేస్తాం" అనుకుని తీసుకున్నవే ఉంటాయి.

పాత సూపర్ తరలించేటప్పుడు ఇన్సూరెన్సు చూసుకోండి

ఖాతా తెరిచాక పాత ఫండ్‌ను రోలోవర్, అంటే డబ్బు కొత్త ఫండ్‌కు మార్చడం, అడగండి. అంతకన్నా ముందు ఆ ఫండ్ యాప్ తెరిచి ఇన్సూరెన్సు ఎంతుందో రాసుకోండి. జీవిత బీమా, పూర్తి వైకల్యం బీమా, కొందరికి జీతం బీమా ఆ ఖాతాకే కట్టి ఉంటాయి. మొత్తం డబ్బు తీసేస్తే ఖాతా మూతపడి బీమా ఆ రోజే ఆగిపోతుంది. 45 ఏళ్ళ వయసులో షుగరో బీపీయో వచ్చాక కొత్త పాలసీ తీసుకోవాలంటే ప్రీమియం మండిపోతుంది, కొన్నిసార్లు అసలే ఇవ్వరు. అందుకని పాత ఖాతాలో 10,000 దాకా వదిలి మిగిలింది తెచ్చుకోండి. వదిలేస్తే చాలదు. వరసగా 16 నెలలు ఆ ఖాతాలో డబ్బు పడకపోతే చట్టప్రకారం బీమా రద్దవుతుంది. ఏడాదికోసారి కొంత అందులో వేయండి, లేదా బీమా కొనసాగించమని రాతపూర్వకంగా చెప్పండి.

సూపర్ ఫండ్ లుకప్ అనే ప్రభుత్వ జాబితాలో మీ ఫండ్ పేరు పక్కన మొదట్లో "స్థితి ఇంకా తేల్చలేదు" అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. కంగారు పడకండి, మొదటి రిటర్ను వేసేదాకా అంతే.

ఏటా ఎంత వేయొచ్చు

పన్ను మినహాయింపుతో ఒక్కొక్కరికి ఏడాదికి 30,000 డాలర్ల దాకా. ఉద్యోగమిచ్చిన కంపెనీ వేసే 12 శాతం కూడా ఇందులోనే లెక్క. జీతం 1,10,000 అయితే కంపెనీ 13,200 వేస్తుంది, మీకు ఇంకా 16,800 చోటుంది. గతేడాది జూన్ 30 నాటికి మీ మొత్తం సూపర్ 5 లక్షల లోపుంటే వెనకటి ఐదేళ్ళలో వాడని పరిమితి కూడా వాడుకోవచ్చు. ఎంత మిగిలిందో మైగవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఏటీఓ పేజీ చూపిస్తుంది. పన్ను కట్టేసిన సొమ్ము వేయాలంటే ఏడాదికి 1,20,000 వేరే పరిమితి.

లోపలికొచ్చిన సొమ్ము మీద 15 శాతం పన్ను. మీ ఆదాయం 2 లక్షల 50 వేలు దాటితే ఇంకో 15. జూన్ 30 సాయంత్రం నెట్ బ్యాంకింగులో పంపిన డబ్బు జులై 1న ఫండ్ ఖాతాలో పడితే అది వచ్చే ఏడాది లెక్కలోకి పోతుంది. జూన్ 20 లోపే పంపండి. మీరు విడిగా వేసినదానికి మినహాయింపు కావాలంటే ఫండ్‌కు నోటీసు ఇవ్వాలి, ఫండ్ అందినట్టు రాసివ్వాలి. రెండు వైపులా సంతకం మీదే అయినా సరే, మీ సొంత రిటర్ను వేయకముందే ఆ కాగితం ఉండాలి.

పెట్టుబడి విధానం కాగితం

ఏం కొనకముందే ఫండ్‌కు పెట్టుబడి విధానం రాతలో ఉండాలి. రిస్కు, రాబడి, డబ్బు ఒకేచోట పోగుపడటం, చేతిలో నగదు, సభ్యుల బీమా, ఈ ఐదింటి గురించీ మీ పరిస్థితిని బట్టి రాయాలి. డీడ్ అమ్మినవాళ్ళు ఇచ్చే నమూనాలో "షేర్లు 0 నుంచి 100 శాతం, ఇల్లు 0 నుంచి 100 శాతం" అని ఉంటుంది. దాన్ని ఏటీఓ విధానంగా ఒప్పుకోదు. 2019లో ఒకే రకం ఆస్తిలో 90 శాతానికి పైగా పెట్టిన దాదాపు 17,700 ఫండ్ల ట్రస్టీలకు ఏటీఓ ఉత్తరాలు పంపింది. ఒకే ఆస్తిలో పెట్టడం నేరం కాదు. ఎందుకు పెట్టారో, అది పడిపోతే ఏం చేస్తారో కాగితం మీద లేకపోవడమే తప్పు.

షేర్లు

బ్రోకరు దగ్గర ఖాతా ట్రస్టీ కంపెనీ పేరున, ఫండ్ పేరు జతచేసి తెరవండి. మీ సొంత పేరున ఉన్న ఖాతాలోనే "ఇవి ఫండ్‌వి" అనుకుంటూ కొనడం పొరపాటు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న లిస్టెడ్ షేర్లను మార్కెట్ ధరకు ఫండ్‌లోకి మార్చొచ్చు గానీ, అమ్మినట్టే లెక్కకట్టి మీకు లాభం మీద పన్ను పడుతుంది.

ఆస్ట్రేలియా షేర్లలో సూపర్‌కు ఉన్న అసలు మేలు ఫ్రాంకింగ్ క్రెడిట్. కంపెనీ 100 డాలర్లు సంపాదించి 30 పన్ను కట్టి 70 మీకు డివిడెండు ఇస్తుంది. ఆ 30 మీ తరఫున కట్టినట్టే లెక్క. ఫండ్ పన్ను 100 మీద 15 మాత్రమే, కాబట్టి మిగిలిన 15 ఏటీఓ వెనక్కి ఇస్తుంది. 60 దాటి పింఛను దశలోకి వెళ్ళాక ఫండ్‌కు పన్నే లేదు, మొత్తం 30 తిరిగొస్తుంది. అంటే 70 డివిడెండు చేతికి 100 అవుతుంది. ఈ క్రెడిట్ దక్కాలంటే ఫండ్ షేరును కొన్న రోజు, అమ్మిన రోజు పోను 45 రోజులు ఉంచుకోవాలన్న నియమం ఉంది. డివిడెండు ముందు కొని మర్నాడే అమ్మేస్తే క్రెడిట్ దక్కదు.

ఏవి కొనాలో తోచకపోతే రెండు ఈటీఎఫ్‌లు చాలు. ఆస్ట్రేలియాలోని పెద్ద కంపెనీలన్నీ కలిపిన ఏ200 లాంటిది ఒకటి, ఏడాది ఖర్చు 0.04 శాతం. విదేశాల కోసం వీజీఎస్ లాంటిది ఒకటి, 0.18 శాతం. ప్రతి జీతం తర్వాత కాకుండా మూడు నెలలకోసారి కొంటే బ్రోకరేజీ కలిసొస్తుంది. 12 నెలలు దాటి ఉంచుకున్నదాన్ని అమ్మితే లాభంలో మూడో వంతు వదిలి మిగిలినదానికే 15 శాతం, అంటే లాభం మీద 10 శాతమే పన్ను.

ఇల్లు

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ఫండ్ కొన్న నివాస గృహంలో మీరు ఉండకూడదు, ఒక్క రాత్రి కూడా. మీ బంధువులు కూడా ఉండకూడదు, పూర్తి అద్దె కట్టినా సరే. బంధువు అంటే చట్టంలో అమ్మానాన్న, తాతలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిన్ని, బాబాయ్, మేనమామ, మేనకోడలు, పిల్లలు, మనవలు, వాళ్ళ భార్యాభర్తలు, మీ భార్య లేదా భర్త వైపు ఇదే వరస. మాస్టర్స్ చదవడానికి వచ్చిన మేనల్లుడు అద్దె ఇల్లు దొరికేదాకా రెండు నెలలుంటానంటే మీ సొంతింట్లో గది ఇవ్వండి, ఫండ్ ఇంటి తాళం ఇవ్వకండి. అలాగే మీ పేరున ఇప్పటికే ఉన్న ఇంటిని ఫండ్‌కు అమ్మడం కుదరదు. వ్యాపారానికి వాడే షాపు, క్లినిక్, గోడౌన్ అయితే అమ్మొచ్చు, మార్కెట్ అద్దెకు మీరే తీసుకోవచ్చు కూడా. సొంత వ్యాపారం ఉన్నవాళ్ళకు ఇల్లు కంటే ఇదే మంచి దారి.

అప్పు తీసుకుని కొనాలంటే ఎల్ఆర్‌బీఏ అనే ఏర్పాటు. ఆస్తి ఒక ప్రత్యేక బేర్ ట్రస్టు (ఆస్తిని పేరుకు మాత్రమే ఉంచుకునే ట్రస్టు) పేరున ఉంటుంది. దానికి మీ ట్రస్టీ కంపెనీ కాకుండా ఇంకో కంపెనీ కావాలి. కాంట్రాక్టు మీద కొనుగోలుదారు ఈ రెండో కంపెనీ, అడ్వాన్సు మాత్రం ఫండ్ బ్యాంకు ఖాతాలోంచి పోవాలి. ఆ కంపెనీ కాంట్రాక్టు కంటే ముందే పుట్టి ఉండాలి. బేర్ ట్రస్టు డీడ్ మీద ఏ రోజు సంతకం పెట్టాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, వేలంపాటకు వెళ్ళకముందే ఆస్తి బదిలీ కాగితాలు చూసే కన్వేయన్సర్‌ని అడగండి. సొంత పేరున సంతకం పెట్టి తర్వాత ఫండ్‌కు మారుద్దామంటే స్టాంప్ డ్యూటీ రెండోసారి పడే ప్రమాదం ఉంది.

టార్నీట్, ట్రుగనీనా, మార్స్‌డెన్ పార్క్ లాంటి కొత్త పేటల్లో మనవాళ్ళు ఎక్కువగా కొనేది స్థలం ఒక కాంట్రాక్టు, కట్టుబడి ఇంకో కాంట్రాక్టు. ఫండ్ అప్పుతో అది కుదరదు. అప్పుతో కొన్నది ఏ వస్తువో అప్పు తీరేదాకా అదే వస్తువుగా ఉండాలి. ఖాళీ స్థలం కొని ఇల్లు కడితే అది వేరే వస్తువైపోయింది. ఫండ్ సొంత నగదుతో కట్టినా అదే తప్పు. అంతా కట్టి తాళాలిచ్చే ఒకే కాంట్రాక్టు అయితే పర్వాలేదు. అపార్టుమెంటుకూ కారు పార్కింగుకూ రెండు విడి టైటిళ్ళుండి విడిగా అమ్ముకోగలిగితే అవి రెండు వస్తువులు, ఒక అప్పుతో కొనకూడదు. కాలిపోయిన వంటిల్లు అప్పు డబ్బుతో తిరిగి కట్టొచ్చు. కొత్తగా పడకగది కలపాలంటే మాత్రం ఫండ్ సొంత నగదే వాడాలి.

పెద్ద బ్యాంకులు చాలావరకు ఈ అప్పుల నుంచి తప్పుకున్నాయి. ఇచ్చే చిన్న సంస్థలు సాధారణంగా ధరలో 70 నుంచి 80 శాతం ఇస్తాయి, వడ్డీ మామూలు హోమ్ లోన్ కంటే ఎక్కువ. అప్పు ఎగ్గొడితే ఆ ఒక్క ఆస్తి మీదికే రావాలని చట్టం చెబుతున్నా, వాళ్ళు మీ సొంత పూచీకత్తు అడుగుతారు. చదవకుండా సంతకం పెట్టకండి.

ఇక లెక్క. ఇద్దరి ఫండ్‌లో 3 లక్షలు. విక్టోరియాలో 5,20,000 ధర యూనిట్. 30 శాతం సొంతం 1,56,000. స్టాంప్ డ్యూటీ 26,270. లాయరు, బేర్ ట్రస్టు, అప్పు రుసుములు 6,000 వేసుకుందాం. మొత్తం 1,88,270 పోయి చేతిలో 1,11,730 మిగిలింది. అప్పు 3,64,000, వడ్డీ 7 శాతం, 30 ఏళ్ళు: కిస్తీ ఏడాదికి 29,060. వారానికి 480 చొప్పున 50 వారాల అద్దె 24,000. కౌన్సిల్ రేట్లు, ఓనర్స్ కార్పొరేషన్ (అపార్టుమెంటు సంఘం) రుసుము, ఏజెంటు, బీమా, ల్యాండ్ ట్యాక్సు కలిపి 7,000. ఇల్లు ఏటా 12,060 మింగుతుంది. ఫండ్ ఖర్చు 3,000, సభ్యుల బీమా 2,000 కలిపితే 17,060.

ఇద్దరికీ చెరో 1,10,000 జీతం అయితే సూపర్ 26,400 వస్తుంది, 15 శాతం పన్ను పోను 22,440. ఏడాదికి 5,380 మిగులు. ఇంటి నష్టం వల్ల పన్నులో ఇంకో 2,000 దాకా తగ్గుతుంది. బయట అయితే మీ పన్ను శ్లాబు మీద వచ్చే మినహాయింపు ఇక్కడ 15 శాతానికే పరిమితం. నెగటివ్ గేరింగ్ (ఇంటి నష్టం చూపి పన్ను తగ్గించుకోవడం) కోసం సూపర్‌లో ఇల్లు కొనడం అర్థం లేని పని.

ఇప్పుడు ఒకరి ఉద్యోగం పోయిందనుకోండి. రాబడి సగమై ఏడాదికి 4,000 నుంచి 6,000 లోటు. వడ్డీ ఒక్క శాతం పెరిగితే ఇంకో 3,000. చేతిలో 1,11,730 ఉంది కాబట్టి ఈ ఇల్లు నిలబడుతుంది. ఇదే జంట ఆశపడి 7 లక్షల 75 వేల ఇల్లు కొని చేతిలో 20,000 మిగుల్చుకుంటే, ఉద్యోగం పోయిన రెండో ఏటే అమ్ముకోవాల్సి వస్తుంది. మీరు బయటి నుంచి డబ్బు పోసి ఆదుకోవచ్చు, కానీ అది కాంట్రిబ్యూషన్ కింద లెక్కకు వస్తుంది, మళ్ళీ వెనక్కి తీసుకోలేరు. ధరలో కనీసం 15 శాతం నగదుగానో ఈటీఎఫ్‌లుగానో మిగలకపోతే ఆ ఇల్లు వదులుకోండి.

హైదరాబాదు ప్లాటు, బంగారం

కోకాపేటలో ఫ్లాటో షాద్‌నగర్ వైపు ప్లాటో ఫండ్ డబ్బుతో కొందామని చాలామంది అడుగుతుంటారు. ఇండియాలో ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల కింద ఇల్లూ ప్లాటూ కొనే వీలు ఎన్ఆర్ఐ, ఓసీఐ వ్యక్తులకు ఉంది. ఆస్ట్రేలియాలో పుట్టిన ట్రస్టీ కంపెనీకి లేదు. మీ పేరున కొంటే ఫండ్ ఆస్తి ఫండ్ పేరున ఉండాలన్న ఇక్కడి నియమం తప్పినట్టే. రెండు దేశాల చట్టాలతోనూ చిక్కే. ఇండియా ప్లాటు సొంత జీతంతో కొనుక్కోండి.

బంగారు నగలు ఫండ్ కొనొచ్చు గానీ పెళ్ళిలో పెట్టుకోవడానికి వీల్లేదు, మీ ఇంట్లో దాచకూడదు, ఏడు రోజుల్లోగా ఫండ్ పేరున బీమా చేయించాలి. కడ్డీలకు ఈ నగల నిబంధనలు వర్తించవు. నిజానికి బంగారం మీద నమ్మకముంటే గోల్డ్ ఈటీఎఫ్ తేలిక.

ఏటేటా

జూన్ 30 నాటికి ప్రతి ఆస్తికీ మార్కెట్ విలువ కట్టాలి. ఇంటికి ఏజెంటు రాసిచ్చిన ఒక్క వాక్యం ఆడిటరుకు చాలదు, అదే పేటలో ఈమధ్య అమ్ముడైన ఇళ్ళ వివరాలు జతచేయండి. రిటర్ను గడువుకు కనీసం 45 రోజుల ముందు ఆడిటరును నియమించాలి. ఆ గడువు అన్ని ఫండ్లకూ ఒకటి కాదు, మీకేదో ముందే చూసుకోండి. పెట్టుబడి నిర్ణయాలన్నీ తీర్మానంగా ఒక పేజీ రాసి సంతకం పెట్టి దాచండి. రిటర్ను ఆలస్యమైతే సూపర్ ఫండ్ లుకప్‌లో మీ ఫండ్ వివరాలు తొలగించినట్టు కనిపిస్తుంది, ఉద్యోగమిచ్చిన కంపెనీ వాళ్ళు సూపర్ వేయలేరు, రోలోవర్లూ ఆగిపోతాయి.

ఇండియా వెళ్ళిపోవాలనుకుంటే

ఫండ్‌ను నడిపే నిర్ణయాలు మామూలుగా ఆస్ట్రేలియాలోనే జరగాలి. తాత్కాలికంగా బయట ఉండొచ్చు, రెండేళ్ళ దాకా. అమ్మానాన్నల కోసం విజయవాడ వెళ్ళి రెండేళ్ళకని మూడేళ్ళుంటే ఫండ్ ఆస్ట్రేలియా ఫండ్ హోదా పోగొట్టుకోవచ్చు. అప్పుడు మీరు పన్ను కట్టి వేసిన సొమ్ము పోను మిగిలిన మొత్తం విలువ మీద 45 శాతం పన్ను. 6 లక్షల ఫండ్‌లో అది 2,70,000 దాకా పోవచ్చు. వెళ్ళే ముందే ఆస్తులు అమ్మి డబ్బును పెద్ద ఫండ్‌లోకి మార్చేయడం అన్నిటికన్నా భద్రం. అప్పుతో కొన్న ఇల్లుంటే అది కొన్ని నెలల పని, టికెట్లు కొన్నాక మొదలుపెట్టొద్దు. ఇక్కడే ఉండే నమ్మకమైన వ్యక్తికి ఎండ్యూరింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఇచ్చి మీ బదులు డైరెక్టరుగా పెట్టడం ఇంకో దారి. అయితే నిర్ణయాలు నిజంగా వాళ్ళే తీసుకోవాలి. బయట ఉన్నన్నాళ్ళూ ఈ ఫండ్‌లో కొత్తగా డబ్బు వేయకండి.

60 వచ్చాక

60 దాటి ఉద్యోగం మానేస్తే, లేదా 65 నిండితే ఫండ్‌ను పింఛను దశలోకి మార్చొచ్చు, ఒక్కొక్కరికి 20 లక్షల దాకా. ఆ భాగం మీద వచ్చే అద్దెకు, డివిడెండుకు, అమ్మకపు లాభానికి పన్ను సున్నా. దానికి ఒక షరతు: ఏటా కనీస మొత్తం నగదుగా బయటికి తీయాలి. 65 లోపు 4 శాతం, 65 నుంచి 74 దాకా 5 శాతం, 75 నుంచి 79 దాకా 6, ఆ తర్వాత ఇంకా ఎక్కువ. తీయకపోతే ఆ ఏడాది పన్ను మినహాయింపు పోతుంది.

ఇల్లున్న ఫండ్ ఇక్కడే ఇబ్బంది పడుతుంది. అప్పు తీరిన 7 లక్షల ఇల్లు, 2 లక్షల షేర్లు అనుకోండి. 60లో ఏటా 36,000 తీయాలి, ఖర్చులు పోను అద్దె 20,000. మిగతా 16,000 షేర్లలోంచి. ఇంటి ధర పెరిగి ఫండ్ విలువ 9 లక్షలే ఉందనుకుంటే, 65 నుంచి తీయాల్సింది 45,000, అంటే షేర్లలోంచి 25,000. షేర్ల ఎదుగుదల పక్కన పెడితే 70కి ఆ 2 లక్షలు అయిపోతాయి. ఇంటి గోడలో ఇటుక తీసి పింఛను ఇవ్వలేం కదా. అందుకని పింఛను దశలోకి వెళ్ళాక, లాభం మీద పన్ను లేనప్పుడు, 62–65 మధ్య ఇల్లు అమ్మి ఈటీఎఫ్‌లూ టర్మ్ డిపాజిట్లుగా మార్చుకునేలా ఇప్పుడే పెట్టుబడి విధానంలో రాసుకోండి.

నామినేషను కూడా ఇప్పుడే. సూపర్ దానంతటది వీలునామాలోకి రాదు. భార్యకు, భర్తకు, పిల్లలకు నేరుగా రాయొచ్చు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు రాయాలంటే వాళ్ళు నిజంగా మీ డబ్బు మీదే బతుకుతున్నట్టు రుజువుండాలి. నెలనెలా పంపిన సొమ్ము బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచండి. లేకపోతే నామినేషనులో మీ వారసత్వ ప్రతినిధి (వీలునామా అమలు చేసేవాళ్ళు) అని రాసి, వీలునామాలో అమ్మానాన్నల వాటా రాయండి. డీడ్‌లో నామినేషనుకు ఎలాంటి ఫారం కావాలన్నారో, ఎందరు సాక్షులన్నారో అలాగే చేయాలి. ఒక్క సాక్షి సంతకం తక్కువైనా ఆ కాగితం చెల్లదు, అప్పుడు ఎవరికి ఎంతన్నది బతికున్న ట్రస్టీ తేలుస్తారు.